ఓడ మీద ఎండిన తాండ్ర

మా మరదలు మాలతి మామిడి తాండ్ర ముక్కను నోట్లో పెట్టుకుని, కాస్త నమిలి, నా మొహంలోకి చూసి, "ఇది కాదొదినా" అంది. నూజివీడు బజారులో ఒక కొట్టు ముందు నిలబడి ఉన్నాం. పొద్దుటి నుంచీ కనపడిన కొట్టల్లా ఎక్కడం, తాండ్ర రుచి చూడడం, "ఇది కాదు" అనుకుంటూ దిగడం, ఇదే పని. ఎండ మాడు పగలగొడుతోంది. ఆటో అబ్బాయి అప్పటికే మమ్మల్ని చూసి నవ్వడం మానేసి జాలి పడడం మొదలుపెట్టాడు. కొట్టు యజమాని గుప్తగారు నాకు చిన్నప్పటి నుంచీ తెలిసినవాడే, తాండ్ర విషయంలో మహా పట్టింపు మనిషి. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, "ఏం కాదమ్మా ఇది? అచ్చమైన చిన్నరసం. పంచదార కూడా చెయ్యి బిగించి వేయించాను" అన్నాడు. "తియ్యగా ఉందండీ" అంది మాలతి, తప్పు పట్టినట్టు. "తాండ్ర తియ్యగా కాకపోతే ఎలా ఉంటుందండీ?" "ఉప్పగా. మా అమ్మ చేసేది ఉప్పుప్పగా ఉండేదండీ. మా ఊరి తాండ్ర ఇలాగే ఉంటుందని చెప్పేది." గుప్తగారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "తల్లీ, మీకు దణ్ణం పెడతాను, ఆ మాట మళ్ళీ అనకండి. సీజన్లో ఉన్నాం."

ఆయన బాధ ఆయనది. మాలతి బాధ వేరు. మాలతి మా సరోజత్త కూతురు. సరోజత్త మా నాన్నకి చెల్లెలు, పెళ్ళి చేసుకుని పినాంగు వెళ్ళి, అక్కడే పిల్లల్ని కని, అక్కడే ముసలిదై, పోయినేడాది అక్కడే కన్నుమూసింది. సంవత్సరీకం దగ్గర పడుతోంది. ఆ రోజు ఫోటో ముందు అమ్మకి ఇష్టమైనవన్నీ పెట్టాలని, అన్నింటిలోకీ ఇష్టమైనది నూజివీడు తాండ్రేనని, దాని కోసమే మాలతి విమానం ఎక్కి వచ్చింది. అరవై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు, అయినా వచ్చింది. చివరి రోజుల్లో అత్త అడిగిందట, "తాండ్ర ముక్క ఉందా?" అని. ఇంట్లో లేదట. ఆ మాట చెబుతున్నప్పుడల్లా మాలతి కళ్ళు చెమ్మగిల్లేవి. కానీ నేను మాత్రం ఆ "ఉప్పగా" అన్న మాట వినగానే, నడి బజారులో, గుప్తగారి ఎదుటే, పకపకా నవ్వేశాను. నవ్వుతుంటే ఏడుపు కూడా వచ్చింది. మాలతి నాకు ఎండ దెబ్బ తగిలిందేమో అనుకుంది. "పదవే ఇంటికి" అన్నాను. "నువ్వు ఊరంతా తిరిగినా అది దొరకదు. అది ఓడ మీద ఎండిన తాండ్ర." "ఏ ఓడ?" అంది. ఏ ఓడ అని అడిగింది! నాకు ఒళ్ళు మండింది. మా ఇంట్లో పుట్టి పెరిగిన ఎవరైనా "ఏ ఓడ" అని అడిగితే మా నాన్నమ్మ అన్నం పెట్టేది కాదు.

ఆ ఓడకి ఏదో ఇంగ్లీషు పేరుండేది. మా ఇంట్లో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. "మన ఓడ" అనేవాళ్ళం, మన ఆవు, మన బావి అన్నట్టు. మద్రాసు నుంచి పినాంగు మీదుగా సింగపూరు దాకా వెళ్ళి వస్తుండేది. తెల్లటి ఒళ్ళు, మధ్యలో ఒక పెద్ద నల్లటి పొగగొట్టం. నేను ఎక్కే నాటికే దానికి వయసు మళ్ళింది. నడకలో కాస్త ఊగేది, మెట్లు కిర్రుమనేవి, రంగు మీద రంగు వేసీ వేసీ గోడలు మందంగా అయిపోయాయి. కానీ లోపల అడుగుపెడితే మహారాణి. నేల మీద తివాచీ, గోడలకి అద్దాలు, ఇత్తడి కమ్మీలు. ఎప్పుడు చూసినా ఎవడో ఒకడు ఆ ఇత్తడిని తోముతూనే ఉండేవాడు. దాని వాసన ఇప్పటికీ నాకు గుర్తుంది. ఆవిరి, నూనె, తడి తాడు, వేగుతున్న ఉల్లిపాయలు, అన్నీ కలిసిన వాసన. ఆ తర్వాత అందులోకి ఇంకో వాసన కూడా వచ్చి చేరింది. అది మా వల్లే.

అసలు మేము ఓడెక్కాల్సిన వాళ్ళం కాదు. సరోజత్తే తొలి కాన్పుకి పుట్టింటికి రావాలి. అంతా సిద్ధం చేసి పెట్టాం, పురిటి గదికి సున్నం కొట్టించాం. ఇంతలో మావయ్య దగ్గర నుంచి ఉత్తరం. అత్తకి కాళ్ళకి నీరు పట్టిందట, డాక్టరు ప్రయాణం వద్దన్నాడట, ఏం పెట్టినా తినడం లేదట. ఒక్కటే అడుగుతోందట, రసం పండు. ఆ ముక్క నాన్న చదవగానే నాన్నమ్మ లేచి నిలబడింది. "పిల్ల పుట్టింటికి రాలేకపోతే పుట్టిల్లే పిల్ల దగ్గరికి పోతుంది. ఓడ ఎప్పుడుందో కనుక్కోరా" అంది. నాన్న నోరు తెరిచాడు. కాపు మంచి ఊపు మీదుంది, తోట వదిలి ఎవరైనా కదులుతారా? "తోట గుత్తకిచ్చెయ్. బావి పక్క రెండు చెట్లు మాత్రం ముట్టుకోనివ్వకు. అవి నా సరోజవి" అంది నాన్నమ్మ. ఇక దానికి తిరుగు లేదు. అమ్మ చంటి తమ్ముడితో ఇంట్లో ఉండిపోయింది. నాకు బడి సెలవులు కాబట్టి, నాన్నమ్మకి మాట్లాడడానికి ఒక మనిషి కావాలి కాబట్టి, నన్ను వెంట వేసుకున్నారు.

నాన్నమ్మ గురించి ఒక్క సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత కథ అర్థం కాదు. ఆవిడకి ముక్కుపొడుం అలవాటుండేది. నడుముకి దోపుకున్న చిన్న ఇత్తడి డబ్బీ, రోజంతా చిటికెడు చిటికెడు. కానీ మామిడి కాయ ఇంటికొచ్చిన రోజు నుంచి కాపు అయిపోయేదాకా ఆ డబ్బీ ఉట్టిమీదకి ఎక్కేది. ఎందుకంటే మా ఇంట్లో కాయ మగ్గిందో లేదో తేల్చేది ఆవిడ ముక్కే. వరిగడ్డిలో పేర్చిన కాయల గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరే నిలబడి ఒక్కసారి ఊపిరి పీల్చి, "ఆ మూల తట్ట ఇవాళ తీసెయ్యండి, ఈ పక్కది ఎల్లుండి" అనేది. ఒక్కసారి తప్పింది లేదు. పొడుం మానేసిన ఆ రెండు నెలలూ ఆవిడకి కోపం ముక్కు మీదే ఉండేది. మేము పక్క గదిలోంచి తిరిగేవాళ్ళం. మామిడి సీజను వస్తోందంటే పిల్లలకి పళ్ళ సంబరం ఎంతో నాన్నమ్మ భయం కూడా అంతే.

బావి పక్క చెట్ల చిన్నరసాలు, సరిగ్గా పక్వానికొచ్చినవి, ముచ్చికలు విరగకుండా చిక్కంతో దింపించి, సొన కారనిచ్చి, గడ్డి పరిచిన తట్టల్లో పేర్చింది. ఓడ పినాంగు చేరేనాటికి పండాలని ఆవిడ లెక్క. తట్టలతో పాటు ఒక కొత్త ఈత చాప కూడా చుట్టించింది, పుట్టబోయే బిడ్డని పడుకోబెట్టడానికి. బెజవాడ దాకా బస్సు, అక్కడ రైలు, మద్రాసులో రేవు. ప్రతి చోటా కూలీలతో ఒకటే మాట, "నెమ్మది నాయనా, అందులో పసిపిల్లలున్నారు." పాపం ఒకడు నిజమే అనుకుని తట్ట మీద గుడ్డ ఎత్తి చూశాడు.

మాకిచ్చిన గది చిన్నది. రెండు పడకలు, ఒక గుండ్రటి కిటికీ, అందులోంచి నీళ్ళు తప్ప ఏమీ కనపడవు. నాన్నమ్మ గది అంతా తడిమి చూసి, లోపలి గోడ వెచ్చగా ఉందని గమనించి సంతోషపడిపోయింది. "ఇంట్లో మగ్గేసే గది లాగే ఉంది" అని తట్టలన్నీ ఆ గోడకే ఆనించి పెట్టించింది. ఆ గోడ వెనక ఓడ బాయిలరుకి పోయే గొట్టాలున్నాయని మాకెవరికి తెలుసు? నూజివీడు వాళ్ళం. వెచ్చటి గోడ కనపడితే మామిడి కాయ ఆనించడమే మాకు తెలిసిన శాస్త్రం. అదొక తప్పు. రెండో తప్పు సముద్రం చేయించింది. ఓడ రేవు దాటగానే నాన్నమ్మకి కడుపులో తిప్పడం మొదలైంది. నిమ్మకాయ వాసన చూపించాం, అల్లం నమిలించాం, లాభం లేకపోయింది. చివరికి చీర కుచ్చెళ్ళలోంచి పొడుం డబ్బీ బయటికి తీసింది. ఉట్టి మీద ఉండాల్సిన డబ్బీ! "అలా చూడకే చిట్టీ, పళ్ళు పండడానికి ఇంకా బోలెడు రోజులున్నాయి" అంది. చిటికెడు పీల్చి, తుమ్మి, హాయిగా పడుకుంది. ఆ మర్నాడు కూడా పీల్చింది.

మాకు ఎలా తెలిసిందంటే, ఓడ స్టీవర్డు వచ్చి చెబితే తెలిసింది. తమిళ ఆయన, తెల్లటి కోటు వేసుకుని టీలు తెచ్చేవాడు. తలుపు తట్టి, చాలా మర్యాదగా, నవ్వు ఆపుకుంటూ, "అమ్మా, వరండా అంతా మామిడి పండు వాసన. పై తరగతి వాళ్ళు ఏం పండు, మాకెందుకు పెట్టలేదని అడుగుతున్నారు" అన్నాడు. నాకు ఆ వాసన అప్పటికే వస్తోంది. నాన్నమ్మ ఏమీ అనలేదు కదా అని ఊరుకున్నాను, మామిడి పండు సంగతి ఆవిడకన్నా నాకెక్కువ తెలుసా? నాన్నమ్మ ఒక్క ఉదుటున లేచి గడ్డిలో చెయ్యి పెట్టింది. కాయలన్నీ మెత్తబడిపోయాయి. పచ్చగా, నిగనిగలాడుతూ, ముచ్చికల దగ్గర నుంచి రసం ఊరుతూ, అన్నీ ఒక్కసారే. బంగాళాఖాతం నడిమధ్యలో ఉన్నాం. పినాంగు ఇంకా ఎక్కడో ఉంది. నాన్నమ్మ పొడుం డబ్బీని గుండ్రటి కిటికీలోంచి విసిరెయ్యబోయింది, ఆ కిటికీ తెరుచుకోదు. డబ్బీ గాజుకి తగిలి వెనక్కొచ్చి మా నాన్న కాలి మీద పడింది. "నా పిల్ల నోరు తెరిచి అడిగింది ఒక్కటే. అది కూడా తీసుకెళ్ళలేకపోతున్నాను" అని నేల మీద కూర్చుని ఏడ్చింది. నాన్నమ్మ ఏడవడం నేను అంతకు ముందు చూడలేదు. మా నాన్న కాలు పట్టుకుని మూలుగుతూనే ఆవిడ పక్కన కూర్చున్నాడు.

కానీ ఆవిడ ఎక్కువసేపు ఏడ్చే మనిషి కాదు. పైట కొంగుతో ముక్కు తుడుచుకుని, "పండు ఆగదు. రసం తీసి ఎండబెడితే ఆగుతుంది. తాండ్ర పోస్తాను" అంది. "ఎక్కడమ్మా?" అన్నాడు నాన్న. నాన్నమ్మ వేలితో పైకి చూపించింది. ఓడ పై అంతస్తు. అక్కడ ఎండ విరగకాస్తుంది, గాలి ఉంటుంది, అంతకన్నా ఏం కావాలి? ఆ పై డెక్కు మీదకి మా తరగతి వాళ్ళు వెళ్ళకూడదు. అక్కడ దొరలూ దొరసానులూ చెక్క బెంచీల మీద కాళ్ళు చాపుకుని పుస్తకాలు చదువుకుంటారు. అడిగితే స్టీవర్డు బెదిరిపోయి, అది కెప్టెన్ చేతిలోని పని అన్నాడు. "అయితే కెప్టెన్ దగ్గరికే పద" అంది నాన్నమ్మ. మా నాన్నకి ఇంగ్లీషు అంతంతమాత్రం. కానీ తల్లి కళ్ళ నీళ్ళు చూశాక ఆయనకి ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

కెప్టెన్ ఆరడుగుల తెల్లదొర, తెల్లటి బట్టలు, ఇస్త్రీ మడత ఎక్కడా నలగలేదు. భోజనాల హాల్లో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. నాన్న తన ఇంగ్లీషులో చెల్లెలు, కడుపుతో ఉంది, మామిడి పండు, ఎండ, చాప అని ఏవేవో మాటలు పేర్చాడు. దొర తల అడ్డంగా ఊపాడు. పై డెక్కు మీద ఏదీ ఆరబెట్టకూడదు, అది ఓడ నియమం. నాన్నమ్మకి భాష రాకపోయినా అడ్డంగా ఊగిన తల అర్థమైంది. కొంగులోంచి ఒక పండు తీసి ఆయన పళ్ళెంలో పెట్టింది. దొర చాకూ ఫోర్కూ అందుకున్నాడు. రసం పండుని చాకుతో కోయడం! నాన్నమ్మ "ఆగు నాయనా, ఆగాగు!" అని ఆయన చెయ్యి పట్టుకుని ఆపేసింది. స్టీవర్డు కళ్ళు మూసుకున్నాడు. నాన్నమ్మ ఇంకో పండు తీసి, రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా నలిపి, ముచ్చిక కొరికి ఊసి, మొదటి చుక్క పిండి పారేసి, నోటికి ఆనించుకుని జుర్రి చూపించింది. "ఇలా. ఇప్పుడు నువ్వు" అంది. దొర హాలంతా ఒకసారి చూసి, ఎవరూ లేరని తేల్చుకుని, పండు నలిపి జుర్రాడు. సగం నోట్లోకి పోయింది, సగం గడ్డం మీదుగా ఆ ఇస్త్రీ చొక్కా మీదకి పోయింది. టెంక దాకా వదల్లేదు. ఆ తర్వాత చొక్కా చూసుకుని, మమ్మల్ని చూసి, హాలు దద్దరిల్లేలా నవ్వాడు. ఇంకో పండు కోసం చెయ్యి చాపాడు. నాన్నమ్మ మా నాన్న వైపు తిరిగి, "ఇప్పుడడుగు" అంది.

అలా మా నాన్నమ్మ పై డెక్కు ఎక్కింది. వంటశాలలోంచి పంచదార వచ్చింది, గిన్నెలు వచ్చాయి. తన పాత నేత చీర ఒకటి చింపి రసం వడకట్టింది. పుట్టబోయే బిడ్డ కోసం తెచ్చిన ఈత చాపని కడిగి పరిచింది. పొగగొట్టం మసి పడకుండా ఓడ ముందు వైపు ఒక చెక్క బెంచీ ముందు చోటు ఎంచుకుంది. మొదటి పొర పలచగా పోసి, అరచేత్తో సమంగా పరిచి, బెంచీ మీద కాళ్ళు మడుచుకుని కావలి కూర్చుంది. నా చేతికి విసనకర్ర ఇచ్చింది, ఈగలు తోలడానికి. ఈగలెక్కడున్నాయి? సముద్రం మధ్యలో ఒక్క ఈగ లేదు. జన్మలో ఈగల్లేని చోట తాండ్ర పోయడం అదే మొదలని నాన్నమ్మ ఆశ్చర్యపోయింది, కొంచెం నిరుత్సాహపడింది కూడా, తిట్టడానికి ఏమీ లేక. ఆ లోటు దొరలు తీర్చారు. పుస్తకాలు పక్కన పెట్టి ఒక్కొక్కరే వచ్చి చాప చుట్టూ మూగేవాళ్ళు. ఒక లావుపాటి దొరసాని వేలు పెట్టబోతే నాన్నమ్మ విసనకర్రతో ఆ వేలి మీద చిన్నగా ఒక్కటిచ్చింది. మర్నాటికి ఆ దొరసానే మిగతావాళ్ళ వేళ్ళ మీద కొట్టడం మొదలుపెట్టింది.

ఒక మధ్యాహ్నం ఎక్కడి నుంచి వచ్చిందో వాన. మబ్బు కనపడడం, మీద పడడం ఒక్కటే. నాన్నమ్మ "అయ్యో నా తాండ్రో!" అని పెట్టిన కేక ఓడ అడుగున బొగ్గు వేసేవాళ్ళకి కూడా వినపడి ఉంటుంది. ఆ కేకకి అందరూ లేచారు. చాపకి ఆ మూల ఒక దొర, ఈ మూల మా నాన్న, అటు స్టీవర్డు, ఇటు ఆ లావుపాటి దొరసాని, పెళ్ళికూతుర్ని బుట్టలో మోసుకెళ్ళినట్టు ఎత్తుకుని పక్కనున్న పాటల గదిలోకి పరుగెత్తారు. పెట్టడానికి చోటు లేక పియానో మీద పరిచారు. నల్లగా మెరిసే అంత పెద్ద పియానో మీద మా ఈత చాప, దాని మీద తడి తాండ్ర. వాన వెలిసేదాకా ఎవరూ గది వదల్లేదు. నాన్నమ్మ ఆ పియానోకి ఆనుకుని నిలబడి, వాళ్ళందరికీ తెలుగులోనే సరోజత్త సంగతంతా చెప్పింది. చిన్నప్పుడు చెట్టెక్కి పడడం, పెళ్ళినాటి అలక, కాళ్ళ నీరు, అన్నీ. వాళ్ళకి ఏం అర్థమైందో నాకు తెలియదు, కానీ ఆ రోజు నుంచి కనపడిన ప్రతివాళ్ళూ "సరోజా?" అని అడిగేవాళ్ళు, అప్పుడే కబురు వచ్చి ఉంటుందన్నట్టు. పిండగా మిగిలిన పళ్ళు అప్పటికే ఓడంతా పంచేశాం. ఓడంతా జుర్రుకుంది. వంటవాళ్ళు, నావికులు, కింది డెక్కు మీద మూటలతో పడుకున్న జనం, అందరి చేతులూ మోచేతుల దాకా పసుపే.

పినాంగులో దిగేటప్పటికి చేతిలో ఒక్క పండు లేదు. చాప చుట్టలో వేలి మందం తాండ్ర ఉంది, అంతే. మావయ్య ఇంటికి చేరేసరికి అత్త మంచం మీద కూర్చుని ఉంది. పాలిపోయి, మొహమంతా కళ్ళే అయిపోయి. నాన్నమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. అంత పెద్ద నోరున్న మనిషి, కెప్టెన్ చెయ్యి పట్టుకున్న మనిషి, నంగిరిగా అంది, "కాయ తేలేకపోయానమ్మా. తాండ్ర తెచ్చాను." ముక్క కోసి నోట్లో పెట్టింది. అత్త నమిలి, ఆగి, "ఉప్పగా ఉందేంటే అమ్మా?" అంది. నేనూ నాన్నా మొహాలు చూసుకున్నాం. ఎవరం రుచి చూడలేదు, నాన్నమ్మ చూడనిస్తేగా! పొర పొర మీద సముద్రపు గాలి ఉప్పు రాల్చిందన్నమాట. నాన్నమ్మ మొహం చిన్నబోయింది. "సముద్రం మీద నుంచి వచ్చింది మరి. పారేస్తాను ఇటివ్వు" అంది. అత్త చాప చుట్టని రెండు చేతులా పట్టుకుని, "ముట్టుకున్నావంటే ఊరుకోను" అని నవ్వింది, ఏడ్చింది, తింది. ఆ పూట అన్నం కూడా తిందట, మావయ్య వీధిలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ వారంలోనే మాలతి పుట్టింది. తాండ్ర వాసన వదలని ఆ చాప మీదే దాన్ని పడుకోబెట్టారు, చీమలు పట్టకుండా చుట్టూ నీళ్ళు చల్లి.

తర్వాత చాలా ఏళ్ళు మా ఇంట్లో ఓడ ఒక మనిషి కింద లెక్క. మద్రాసు వెళ్ళి వచ్చినవాళ్ళని నాన్నమ్మ అడిగే మొదటి మాట, "మన ఓడ బాగుందా?" అని. విమానాలు వచ్చాక జనం తగ్గారు. ఓడ ముసల్దైపోయింది, ఇక తిప్పరు, సామాన్లు అమ్మేసి విరగ్గొడతారని నాన్న పేపర్లో చూసి చెబితే ఆవిడకి చాలా కోపం వచ్చింది. "ముసల్దైతే అమ్మేస్తారా? రేపు నన్నూ అమ్మండి" అని అన్నం మానేసింది. ఆ వారం మద్రాసు మార్కెట్‌కి కాయల లారీతో నాన్నే స్వయంగా వెళ్ళాడు. లారీ ఖాళీగా రావాలి. వచ్చింది, వెనక ఒక చెక్క బెంచీతో. అమ్మ నెత్తి కొట్టుకుంది. "కాయలు తీసుకెళ్ళి బెంచీ తెచ్చారేంటండీ?" నాన్నమ్మ మాత్రం దాన్ని నిమిరి, చేతి కమ్మీ మీద తన విసనకర్ర ఒరుసుకున్న గీత ఉందని వాదించి, కాళ్ళు మడుచుకుని దాని మీద కూర్చుంది. పోయేదాకా ప్రతి కాపుకీ అక్కడ కూర్చునే తట్టలు చూసింది. పొడుం డబ్బీ మళ్ళీ ఎప్పుడూ ఉట్టి దిగలేదు.

ఇదంతా మాలతికి ఆ బెంచీ మీద కూర్చోబెట్టే చెప్పాను. అది ఇప్పటికీ మా తోట షెడ్డులో ఉంది. పక్కనే మావాళ్ళు ఏసీ గది కట్టారు, పళ్ళు పండించడానికి. మీట నొక్కితే గ్యాసు వస్తుంది, చెప్పిన రోజుకి చెప్పినట్టు పండుతాయి. మంచిదే, నేను కాదనను, ఎవరి ముక్కూ అక్కర్లేదు, ఎవరి కోపమూ భరించక్కర్లేదు. మాలతి పొద్దున్న అక్కడ బయల్దేరి చీకటి పడేలోగా ఇక్కడ ఉంది. వాళ్ళ అమ్మమ్మకి ఎంత ప్రయాణమో! కానీ ఆ విమానంలో మాలతి పక్క సీటు మనిషి పేరు కూడా మాలతికి తెలియదు. మేము ఓడ దిగేటప్పుడు లావుపాటి దొరసాని రైలింగు పట్టుకుని "సరోజా! సరోజా!" అని చెయ్యి ఊపుతూనే ఉంది, మేము కనపడకుండా పోయేదాకా. వేగం మీద నాకు పగేమీ లేదు, ఆ దొరసాని లాంటి మనిషి ఒకరు దొరికితే బాగుండునని అంతే.

మాలతి అంతా విని బెంచీ కమ్మీ మీది గీతని వేలితో తడిమింది. "అయితే అమ్మకి తెలుసన్నమాట, అసలు తాండ్ర తియ్యగా ఉంటుందని" అంది. తెలియకేం? ఈ తోటలో పెరిగిన పిల్ల. తెలిసే ఉప్పు వేసుకునేది, ఏటా, జన్మంతా. వాళ్ళమ్మ సముద్రం దాటి వచ్చిన రోజు రుచి అది. పిల్లలకి అదంతా చెప్పకుండా మా ఊరి తాండ్ర అని ఊరుకుంది. నాకు అప్పుడనిపించింది, మేమందరం ఓడ గురించి కబుర్లు చెప్పుకుని మురిసిపోయాం, అత్త ఒక్కర్తే దాన్ని వండుకుని తింది.

మర్నాడే తాండ్ర పోశాం. బావి పక్క చెట్లు ఎప్పుడో పోయాయి, వాటి అంటు చెట్ల కాయలే. బెంచీ ముందు కొత్త చాప వేసి, రసంలో పంచదార, ఆ పైన ఉప్పు. ఎంత వెయ్యాలో నాకు తెలియదు, మాలతి వేలు ముంచి నాకుతూ, "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ వేయించింది. కావలి కూర్చుంటానని తనే బెంచీ ఎక్కింది, మోకాళ్ళు సహకరించకపోయినా కాళ్ళు మడుచుకుంది. ఇక్కడ మటుకు ఈగలకి కొదవ లేదు. విసనకర్ర ఆడిస్తూ, "వదినా, ఎట్టకేలకి నేను కూడా ఓడెక్కాను" అంది. గుప్తగారికి ఒక ముక్క పంపించాను. "బాగానే ఉందండీ, కానీ నా కొట్టు పేరు మాత్రం చెప్పకండి" అని కబురు చేశాడు.

వెళ్ళేటప్పుడు రసం పళ్ళు కూడా తీసుకెళ్ళాలని మాలతి ఎంతో ఆశపడింది. విమానంలో పళ్ళు రానివ్వరన్నారు. సంవత్సరీకం రోజు ఫోన్ చేసింది. వెనకాల పిల్లల అల్లరి, మంత్రాలు, గిన్నెల చప్పుడు. "పెట్టావా?" అన్నాను. "పెట్టానొదినా. ఫోటో ముందు ఆకు వేసి అన్నీ వడ్డించాను. చివర్లో తాండ్ర ముక్క పెడుతుంటే నోటికి ఇంకేం రాలేదు. నువ్వు చెప్పావే, అమ్మమ్మ గుమ్మంలో నిలబడి అన్న మాట, అదే వచ్చేసింది." ఏ మాటో నాకు తెలుసు. అయినా తన నోటితోనే వినాలనిపించింది. మాలతి ముక్కు ఎగబీల్చి చెప్పింది.

"కాయ తేలేకపోయానమ్మా. తాండ్ర తెచ్చాను."